జలపాతం వెనక గది

గురువారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి షాలేమ్ బోయిగూడలోని ఆ ఇరుకు మెట్లెక్కి వచ్చాడు. కింద టైలరు షాపు, పైన దేవకృప డిటెక్టివ్ ఆఫీసు. వచ్చిన మనిషికి యాభై దాటి ఉంటాయి. మడత నలగని చొక్కా వేసుకున్నాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ సీడీ డబ్బా ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పోలీసుల దగ్గరికి వెళ్తే నవ్వుతారండీ. పోయింది బంగారం కాదు, ఒక సీడీ," అన్నాడు.

"ఇక్కడ నవ్వేవాళ్ళెవరూ లేరు. ముందు కూర్చోండి," అంది దేవకృప.

ఆమెకు అరవై నిండాయి. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఈ పని మొదలుపెట్టింది. సహాయకుడు తిరుమల్ ఆమె పాత శిష్యుడే. టీచర్ కళ్ళ ముందు ఏదీ దాగదని అతని నమ్మకం. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ నమ్మకం వమ్ము కాలేదు.

"ఇరవయ్యేళ్ళ కింద మేమొక వీడియో గేమ్ చేశాం. 'నీలి గుర్రం' అని. దాని అసలు కాపీ, మాస్టర్ డిస్కు, పోయింది."

తిరుమల్ చేతిలో పెన్ను ఆగిపోయింది. "నీలి గుర్రమా? అది మీరు చేసిందా సార్? నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు ఇంటర్నెట్ సెంటర్ల కూసోని మస్తు ఆడిన!"

"ముగ్గురం చేశాం," అన్నాడు షాలేమ్. "నేను, బొమ్మలు వేసిన సత్యదేవ్, ఇంకొకాయన. ఆయన ఇప్పుడు లేరు."

ఆట చివర తెర మీద రెండే పేర్లు వచ్చేవని తిరుమల్‌కు బాగా గుర్తు. కానీ ఆ మాట పైకి అనలేదు.

ఆటల గురించి ఏమీ తెలియని దేవకృప ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. బెంగుళూరు కంపెనీ ఒకటి పాత ఆటల్ని వెతికి, టీవీకి తగిలించే కొత్త కన్సోల్ మీద ఆడుకునేలా మార్పించి, ఆ కన్సోల్‌లోనే ఉండే ఆన్‌లైన్ స్టోర్‌లో పెడుతోంది. షాపూ లేదు, సీడీ లేదు. ఇంట్లో కూర్చుని బటన్ నొక్కితే ఆట దిగుతుంది. నీలి గుర్రాన్ని మార్చే పని రజిత అనే ప్రోగ్రామర్ షాలేమ్ ఇంట్లోనే మూడు నెలలుగా చేస్తోంది. ఎనిమిది రోజుల్లో ఆట అప్పజెప్పాలి.

"మంగళవారం నేనూ రజితా ఆ డిస్కు బీరువాలోంచి తీశాం. ప్రోగ్రామంతా మూడు నెలల కిందే కాపీ చేసుకున్నాం, ఈసారి సౌండ్ ఫైళ్ళ కోసం. మా దగ్గరున్న పాత సీడీ డ్రైవు వాటిని చదవలేదు. మంచి డ్రైవు తెప్పిస్తానంది, డిస్కు మళ్ళీ బీరువాలో పెట్టాం. ఇవాళ డ్రైవు వచ్చింది. డబ్బా తెరిస్తే లోపల ఇది ఉంది."

దేవకృప డబ్బా తెరిచింది. లోపలి డిస్కు మీద మార్కర్‌తో 'నీలి గుర్రం – మాస్టర్ – 19-8-2003' అని రాసి ఉంది. కానీ అది ఖాళీ డిస్కు. అలాంటివి బీరువాలోనే ఒక కట్ట ఉన్నాయట.

"ప్రోగ్రామ్ కాపీ అయిందంటున్నారు. మరి ఆ సౌండ్ ఫైళ్ళు లేకపోతే ఆట ఆగిపోతుందా?"

షాలేమ్ తల దించుకున్నాడు. "ఆగదు."

"మరి ఇంత భయమెందుకు?"

"ఎలాగైనా వెతికిపెట్టండి మేడమ్," అన్నాడే గానీ, అడిగినదానికి జవాబు చెప్పలేదు.

మర్నాడు ఉదయం దేవకృప, తిరుమల్ ఏ.ఎస్. రావు నగర్‌లోని షాలేమ్ ఇంటికి వెళ్ళారు. పై అంతస్తు గదిలో ఇనుప బీరువా ఉంది. తాళం మీద గీత కూడా లేదు. దాని తాళంచెవి వంటింట్లో ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతోంది. ఫ్రిజ్ తలుపు మీద చర్చి వాళ్ళు సభ్యుల పుట్టినరోజులన్నీ అచ్చువేసిన కార్డు అంటించి ఉంటే, దేవకృప దాని ముందు చాలాసేపే నిలబడింది.

ముందు రజిత మాట్లాడింది. పాతికేళ్ళ పిల్ల, బెదురు లేదు.

"నేనెందుకు తీస్త మేడమ్? ఆ డిస్క్ లేకుంటే సౌండ్ పని ఆగేది నాకే. మంగళవారం కంపెనీకి పంపనీకి ఫోటో సుత తీసిన, చూడుండ్రి."

ఫోన్‌లో అసలు డిస్కు బొమ్మ ఉంది. ఎప్పుడో నీళ్ళు పడి రాత చెరిగిపోయింది. 'నీలి గు', 'మాస్ట', చివర '2003' మాత్రం కనిపిస్తున్నాయి. తేదీ ఉండాల్సిన చోట నీలం మరక.

"నీ పనిలో ఇంకేమైనా వింతగా అనిపించిందా?"

రజిత ఆలోచించింది. "ఒక చిన్న బగ్ ఉంది. కింద హాల్ల టీవీకి టెస్టింగ్ కన్సోల్ పెట్టినం. పొద్దున వచ్చి చూస్తే బటన్లు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మారి ఉంటయి. పాత ఆటల ఆ సెట్టింగ్ ఉండె. నేను సరిచేస్త, మళ్ళ మారుతది. పదిసార్లయింది, యాడ తప్పుందో దొరుకుతలేదు."

హాల్లోకి వచ్చేసరికి షాలేమ్ భార్య జెనిఫర్ టీ పెట్టింది. పల్చటి మనిషి, తక్కువ మాట్లాడుతుంది. ఎడమ చేత్తో కెటిల్ వంచి కప్పులు నింపుతుంటే దేవకృప మామూలుగా అడిగింది. "బుధవారం ఇంట్లో ఎవరెవరున్నారమ్మా?"

"ఆయన బేగంపేటలో మీటింగుకి వెళ్ళారు. రజిత మధ్యాహ్నం దాకా ఉంది. సత్యదేవ్ అన్నయ్య పొద్దున వచ్చి, ఆయన కోసం పైన పావుగంట కూర్చుని వెళ్ళాడు."

"మీరెప్పుడైనా ఈ ఆట ఆడారా?"

"నేనా? ఆ రిమోట్ ఎలా పట్టుకోవాలో కూడా నాకు తెలీదండీ."

లేచేముందు దేవకృప షాలేమ్‌ను ఒక్కటే అడిగింది. ఆ మాస్టర్ డిస్కు తయారైన తేదీ ఏది?

"తేదీయా? ఖాళీ డిస్కు మీద రాసింది నిజమో కాదో చెప్పలేను, నేనైతే ఆగస్టు ఆఖరు అనుకుంటున్నాను. సరిగ్గా గుర్తు లేదు."

సత్యదేవ్‌కు బోయిగూడలోనే పెళ్ళికార్డుల షాపు ఉంది. మధ్యాహ్నం అక్కడికి వెళ్తే, కత్తిరించిన కార్డుల కట్టలు పక్కకి జరిపి కూర్చోబెట్టాడు.

"డిస్క్ పోయిందా? నేను దొంగనని షాలేమ్ అన్నడా?"

"ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. బుధవారం ఎందుకు వెళ్ళారు?"

"ఎరిక్ పేరు పెట్టమని అడగనీకి పోయిన." సత్యదేవ్ గొంతు పెరిగింది. "ప్రోగ్రామంత ఎరిక్‌దే మేడమ్. షాలేమ్ బామ్మర్ది, మా జెన్నీ చెల్లెకు సొంత అన్న. ఆఖర్ల ఇద్దరికీ లొల్లయింది. ఎరిక్ చెన్నై పోయిండు. ఆట బయటికొచ్చినంక చూస్తే ఆయన పేరు లేదు. ఏడాదిన్నరకు అక్కడ్నే యాక్సిడెంట్ల పోయిండు. ఇప్పుడన్నా పేరు పెడితె ఏం పోతది?"

"ఆ డిస్కు తయారైన తేదీ మీకు గుర్తుందా?"

"వానలు పడుతుండె. అంతకంటే ఏం యాదికి లేదు."

బయటికి వచ్చాక తిరుమల్ ఆగలేకపోయాడు. "ఎవరి మీద డౌట్ టీచర్? ఈయనేనా?"

"కాదు. ఎవరో తెలిసిందనే అనుకుంటున్నాను. ఒక్కటి సరిచూసుకోవాలి. జవాబు సరిచూడకుండా చెప్పే అలవాటు నాకు లేదని నీకు తెలుసుగా. రేపు పొద్దున అందర్నీ షాలేమ్ ఇంటికి రమ్మను."

ఆ సాయంత్రం ఆమె రజితకు ఫోన్ చేసి, కన్సోల్‌లో ఆట ఎప్పుడెప్పుడు ఆడారో చూడగలవా అని అడిగింది. చూడవచ్చు, పొద్దున్నే వచ్చి చూసి చెప్తానంది రజిత. ఒక్క రాత్రిలో ఏం మునిగిపోతుందని తిరుమల్ కూడా అనుకున్నాడు.

శనివారం పదింటికి హాల్లో అందరూ చేరారు. సోఫాలో షాలేమ్, జెనిఫర్, ఎదురుగా సత్యదేవ్, టీవీ పక్కన రజిత. దేవకృప క్లాసులో నిలబడ్డట్టే నిలబడింది.

"తాళం పగలలేదు. చెవి అందరికీ కనిపించే చోటే ఉంది. బుధవారం ఈ ఇంట్లో ఉన్న ముగ్గురిలో ఎవరైనా డిస్కు తీయగలరు. అందుకని తీసినవాళ్ళు వదిలిపెట్టినదాన్ని చూశాను." ఖాళీ డిస్కును బల్ల మీద పెట్టింది. "దీని మీద తేదీ పూర్తిగా ఉంది. పంతొమ్మిది ఆగస్టు. కానీ అసలు డిస్కు మీద ఆ తేదీ మరకలో కొట్టుకుపోయి చాలా కాలమైంది. చూసి రాసేవాళ్ళు లేనిదాన్ని రాయలేరు. గుర్తున్నవాళ్ళే రాయగలరు. రజితకి తెలిసే వీల్లేదు. ఆట చేసిన ఇద్దరికీ గుర్తు లేదు. మరి ఆ తేదీ ఎవరికి గుర్తుంటుంది? ఫ్రిజ్ మీద కార్డులో ఆగస్టు పంతొమ్మిది ఎదురుగా ఒకే పేరుంది."

 రజిత మెల్లగా జెనిఫర్ వైపు తిరిగింది.

"ఇక రజిత చెప్పిన బగ్. అది బగ్ కాదు. ఎడమచేతివాటం మనిషి ఎవరో ఆట ఆడుతూ, బటన్లు తనకి వీలుగా మార్చుకుంటున్నారు. రజితా, కన్సోల్ ఏం చెప్తోంది?"

"రోజూ ఏడు నుంచి తొమ్మిది మధ్యల ఆడిండ్రు మేడమ్. సార్ వాకింగ్‌కు పోయి, నేను రాకముందు." రజిత గొంతు తగ్గింది. "ఆఖరిసారి బుధవారం. అయిదో లెవెల్ల, జలపాతం వెనక గదిల ఆగింది."

"గదా?" తిరుమల్‌కు అప్రయత్నంగా మాట జారింది. "జలపాతం వెనక గది ఏంది? నేను ఎన్నడూ చూడలే!"

"నువ్వు చూడలేవు," అంది జెనిఫర్. ఆ పొద్దున అదే ఆమె మొదటి మాట. "అది నా కోసం కట్టిన గది."

ఆమె ఎవరి వంకా చూడకుండా చెప్పింది.

"ఈ ఆట అందరికంటే ముందు ఆడింది నేనే. అన్నయ్య ఒక్కో లెవెల్ పూర్తిచేసి నా ముందు పెట్టేవాడు. నా ఎడమచేతికని బటన్లు తిప్పి పెట్టాడు. నా పుట్టినరోజున మాస్టర్ డిస్కు తెచ్చి, 'ఇదే నీ కానుక, వేరే ఏం కొనలేదు' అన్నాడు. జలపాతం ముందు గుర్రం మూడుసార్లు ఎగిరితే గోడ తెరుచుకుంటుంది. లోపల గోడ మీద 'మా జెన్నీకి, ఎరిక్' అని ఉంటుంది. పాత కంప్యూటర్ చెడిపోయేదాకా ఏడాదికోసారి వెళ్ళి చూసుకునేదాన్ని." షాలేమ్ వైపు తిరిగింది. "చివర్లో అన్నయ్య పేరు ఎందుకు లేదని అడిగితే, తనే తీసేయమన్నాడని చెప్పారు మీరు. అన్నయ్యకి ఫోన్ చేసి అడిగితే తనూ అవునన్నాడు. నమ్మాను. బుధవారం ఆ గదిలోకి వెళ్తే గోడ ఖాళీగా ఉందండీ. అప్పుడు అన్నయ్యే తీయించుకున్నాడన్నారు. ఇప్పుడు ఎవరు తీయించుకున్నారు?"

షాలేమ్ ఏదో చెప్పబోతున్నా ఆమె ఆగలేదు.

"అన్నయ్య చేత్తో చేసిన డిస్కు ఇంకొకరి పేరుతో పోకూడదనిపించింది. తీసి బియ్యం డబ్బాలో దాచాను."

"జెన్నీ, అది ఎక్కడుంది?" షాలేమ్ లేచి నిలబడ్డాడు. "కోపం తర్వాత పడు. ముందు డిస్కు ఇయ్యి."

ఆమె వంటింట్లోకి వెళ్ళి ఒక స్టీలు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో డిస్కు నాలుగు ముక్కలుగా ఉంది.

"నిన్న మధ్యాహ్నం," అంది. "వీళ్ళు వచ్చి వెళ్ళాక ఇల్లంతా వెతుకుతారని భయమేసింది. మీ చేతికి చిక్కడం కంటే ఇదే నయమనిపించింది."

షాలేమ్ సోఫాలో కూలబడ్డాడు. ముక్కల మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

"ఆ పేరు నేనే తీసేశాను. పాత్రలకి గొంతులు పెట్టాలి, ఇంకో రెండు నెలలు ఆగమన్నాడు ఎరిక్. క్రిస్మస్‌కి ఆట షాపుల్లో ఉండాలన్నాను నేను. మాటా మాటా పెరిగింది. వాడు వెళ్ళిపోయిన రోజు రాత్రే పేరు తీసేశాను. నీకు అబద్ధం చెప్పాను. నువ్వు ఫోన్ చేస్తే వాడెందుకు అవునన్నాడో నాకు తెలుసు. మనిద్దరి మధ్య గొడవ రాకూడదని. ఆ మాటకి ఒక్కసారి ఫోన్ చేసి థాంక్స్ చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఇంతలో వాడే పోయాడు."

"మరి ఇప్పుడు గోడ ఎందుకు తుడిపించారు?" అని అడిగింది దేవకృప. ఆమె గొంతులో ప్రశ్నించే పదును లేదు.

జవాబు రజిత చెప్పింది. "నాకు కోడ్‌ల ఆ గది దొరికింది మేడమ్. సార్‌కు చూపించిన. గంటసేపు ఆ గోడనే చూసిండ్రు. గోడ ఖాళీ పెట్టు, అక్కడ రాత బదులు గొంతు వినపడాలె, ఆంటీకి చెప్పొద్దు అన్నరు. చివర పేర్ల లిస్టు సుత మార్పించిండ్రు. మొదటి పేరు ఎరిక్ సార్‌దే. అయితే గా లిస్టు ఇంకా టెస్టింగ్ కాపీల పెట్టలే."

"ఎవరి గొంతు?" అంది జెనిఫర్.

సత్యదేవ్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "ఎరిక్‌ది, చెల్లె. గొంతులు తీసుడు షురూ చేసినప్పుడు ఫస్ట్ నీ కోసమే ఒక మాట తీసినం. నా రూంల, చప్పుడు రాకుండ దుప్పట్లు కప్పుకొని. ఆటల పెట్టనీకి టైం దొరకలే. ఆ మాస్టర్ డిస్క్‌ల సౌండ్ ఫోల్డర్‌ల ఉండె. ఇంకెక్కడ లేదు."

జెనిఫర్ గిన్నెలోని ముక్కల వైపు చూసింది. అర్థమవుతున్న కొద్దీ ఆమె ముఖం పాలిపోవడం తిరుమల్ చూడలేక కిటికీ వైపు తిరిగాడు. అన్న ఫోటోలు ఆమె దగ్గర ఉండి ఉంటాయి, ఉత్తరాలూ ఉండి ఉంటాయి. గొంతు మాత్రం ఆ ఒక్కచోటే ఉండేది.

"ఏమన్నాడు?" అని అడిగింది చివరికి.

"ఎనిమిది సెకండ్లు. పదకొండు సార్లు తీసినం గనక నాకు పాఠం లెక్క ఉంది. 'జెన్నీ, ఇంత దూరం వచ్చావంటే నాకంటే నువ్వే బాగా ఆడుతున్నావ్. ఇక లే, వెళ్ళి అన్నం తిను.' గంతే."

"జెన్నీ అని ఎట్లా పిలిచాడు?"

సత్యదేవ్ పిలవబోయాడు. ఒకసారి అన్నాడు, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఇంకో రకంగా అన్నాడు. "నాకు వస్తలేదమ్మా," అని ఆగిపోయాడు.

షాలేమ్ చెయ్యి చాచి భార్య చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అతని చేతినీ పట్టుకోలేదు. "ఒక్క మాట చెప్పుంటే సరిపోయేదండీ," అంది. "ఏ రోజైనా సరే. ఇరవయ్యేళ్ళున్నాయి."

దేవకృప, తిరుమల్ అక్కణ్ణించి బయటికి వచ్చారు. రోడ్డు మీద ఆటోలు పిలుస్తున్నా ఆమె ఆపలేదు. చాలా దూరం నడిచాక, మూసి ఉన్న ఒక షాపు అరుగు మీద కూర్చుంది. ఆమె ఇలా దారిలో కూర్చోవడం తిరుమల్ ఎప్పుడూ చూడలేదు.

"నిన్న పొద్దున టీ పోసినప్పుడే నాకు తెలిసిపోయింది తిరుమల్. కార్డు మీద తేదీ అప్పటికే చూశాను. కెటిల్ ఎడమ చేతిలో ఉంది. అప్పుడే ఆవిణ్ణి వంటింట్లోకి తీసుకెళ్ళి, 'అమ్మా, ఎందుకు తీశావు' అని అడిగుంటే డిస్కు అక్కడే బియ్యంలో ఉండేది."

"మీకెట్ల తెలుస్తది టీచర్, ఆమె విరగ్గొడ్తదని?"

"తెలియదు. కానీ సరిచూసుకోవడానికి నాకు ఒక రోజు కావాలనుకున్నాను. నిజం చెప్పాలంటే, అందరి ముందు నిలబడి చెప్పడం నాకు ఇష్టం. అదీ ఉంది."

అలా కాదని చెప్పాలని తిరుమల్ ఎంతో ప్రయత్నించాడు. కానీ ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడికి ఆ లెక్క తప్పని చెప్పడం చేతకాలేదు. పక్కన అరుగు మీద తనూ కూర్చున్నాడు. షాలేమ్ పంపిన ఫీజు కవరును ఆమె ఆ మర్నాడే వాపసు పంపించింది.

నీలి గుర్రం అనుకున్న తేదీకే కన్సోల్ స్టోర్‌లోకి వచ్చింది. షాలేమ్, జెనిఫర్ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. మునుపటికంటే ఎక్కువ మాట్లాడుకుంటున్నారని ఒకసారి, అసలు మాట్లాడుకోవడం లేదని ఒకసారి రజిత చెప్పింది. రెండూ నిజమే అయి ఉండవచ్చు.

విడుదలైన ఆదివారం తిరుమల్ తన కన్సోల్ మోసుకొచ్చి ఆఫీసు టీవీకి తగిలించాడు. దేవకృప కళ్ళద్దాలు పెట్టుకుని పక్కన కూర్చుంది. అయిదో లెవెల్ చేరడానికి మూడు గంటలు పట్టింది. జలపాతం ముందు గుర్రాన్ని మూడుసార్లు ఎగిరించగానే గోడ తెరుచుకుంది. లోపల రాత మళ్ళీ పెట్టారు. 'మా జెన్నీకి, ఎరిక్.' గుర్రం గదిలోకి అడుగు పెట్టగానే నీళ్ళ చప్పుడు, సంగీతం అన్నీ ఆగిపోయాయి. బటన్లు ఏవీ పనిచెయ్యలేదు. గుర్రం గోడ వైపు తల తిప్పి నిలబడింది.

"చెడిపోయిందా?" అంది దేవకృప.

"కాదు టీచర్. ఆడినోళ్ళు స్టోర్‌ల సుత గట్లనే రాస్తున్నరు, ఇక్కడ ఆట హ్యాంగ్ అయి ఆగిపోతుందని. గొంతు కోసం ఉంచిన ఆ ఖాళీ తీసేయాల్నా అని రజిత జెనిఫర్ మేడమ్‌ను అడిగిందంట. ఎరిక్ సార్ మాటకు పట్టే టైం అట్లనే ఉంచమన్నరంట."

ఎనిమిది సెకండ్ల తర్వాత నీళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది. గుర్రం కదిలింది. తిరుమల్ దాన్ని బయటికి నడిపించబోతుంటే దేవకృప అతని చేతి మీద చెయ్యి వేసింది.

"ఉండు. ఇంకోసారి లోపలికి వెళ్దాం," అంది.